పెద్దవాళ్ళు చెప్పిన కథే మళ్ళీ ఎందుకు చెబుతారు? మనం ఎలా వినాలి?

ఇంట్లో పెద్దాయన ఒకే సంగతి పదేపదే చెబుతున్నా, ప్రతి విషయం మీదా తీర్పు ఇస్తున్నా మనం దానికి చాదస్తం అని పేరు పెట్టి ఊరుకుంటాం. పేరు పెట్టేశాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలనట్టే ఉంటుంది. వయసు మీద పడింది, అంతే అనుకుంటాం. కానీ ఆ ఒక్క పేరు కింద అయిదారు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. చెప్పానన్నది గుర్తులేక మళ్ళీ చెప్పడం ఒకటి. గుర్తున్నా, ఆ కథలో మనసుకు తేలనిది ఏదో ఉండిపోయి మళ్ళీ చెప్పడం ఇంకొకటి. ఎదుటివాళ్ళ మాట సరిగా వినపడక తానే మాట్లాడుతూ పోవడం మరొకటి. రోజంతా కొత్తగా ఏమీ జరగక పాతదే తవ్వుకునేవాళ్ళున్నారు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోలేనివాళ్ళున్నారు. నిజంగా జబ్బే మొదలైనవాళ్ళూ ఉన్నారు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకొకదానికి పనికిరాదు, కొన్నిసార్లు ఎదురుతిరుగుతుంది కూడా. అందుకే ఎలా భరించాలి అని అడిగే ముందు, మన ఇంట్లో జరుగుతున్నది వీటిలో ఏది అని అడగాలంటాను.

ముందు అన్నిటికన్నా మామూలుదాన్ని చూద్దాం. ఒక సంఘటన గుర్తుండటం వేరు, దాన్ని ఎవరికి చెప్పామన్నది గుర్తుండటం వేరు. 2009లో నైజెల్ గోపీ, కాలిన్ మెక్లౌడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రెండోదాన్ని విడిగా పరీక్షించారు. ఒక సంగతి మనకు ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకోవడం కన్నా, మనం ఎవరికి చెప్పామో గుర్తుపెట్టుకోవడమే కష్టమని తేలింది. ఆ పరీక్షకు కూర్చున్నవాళ్ళు ముసలివాళ్ళు కాదు, కాలేజీ విద్యార్థులు. మాట్లాడుతున్నప్పుడు మన ధ్యాసంతా చెప్పే విషయం మీద, చెబుతున్న మన మీద ఉంటుంది. దాంతో ఆ విషయానికీ ఎదుటి మనిషికీ మధ్య ముడి వదులుగా పడుతుంది.

మరుసటి ఏడాది గోపీ, ఫెర్గస్ క్రెయిక్, లిన్ హేషర్ కలిసి ఇదే పరీక్షను వయసు మళ్ళినవాళ్ళతో చేశారు. ప్రసిద్ధుల ఫొటోలు చూపించి, ఒక్కో ఫొటోకి ఒక్కో చిన్న సంగతి చెప్పించారు. తర్వాత అడిగితే, చెప్పిన సంగతులు పెద్దవాళ్ళకు గుర్తున్నాయి, చూసిన ముఖాలూ గుర్తున్నాయి. ఏది ఎవరికి చెప్పారన్న దగ్గరే తడబడ్డారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి బయటపడింది. నిజానికి చెప్పేసిన సంగతిని "ఇతనికి నేను చెప్పలేదు" అన్నప్పుడు, వాళ్ళ నమ్మకం కుర్రవాళ్ళ నమ్మకం కన్నా గట్టిగా ఉంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. "అబ్బా, ఇది వందసార్లు చెప్పారు నాన్నా" అని మనం అన్నప్పుడు మన దృష్టిలో అది నిజం. ఆయన దృష్టిలో మాత్రం అది అన్యాయమైన నింద. ఆయన మనసులో ఆ సంగతి మీకు చెప్పిన గుర్తు లేదు, పైగా చెప్పలేదన్న నమ్మకం ఉంది. అందుకే ముఖం చిన్నబుచ్చుకుంటారు, లేదా కోప్పడతారు, లేదా "సరేలే, నా మాట ఎవరికి కావాలి" అని లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ రెండు రోజులకు అదే కథతో వస్తారు. మన నిందకు గాయపరిచే శక్తే తప్ప గుర్తుపెట్టించే శక్తి లేదు.

దీనికి పనిచేసే పద్ధతి చిన్నది. కథ మొదలవగానే అందులోంచి ఒక వివరాన్ని మీరే అందుకోండి. "పరీక్ష రోజు బస్సు తప్పిపోయిన సంగతేగా నాన్నా? ఆఖరికి ఆ లారీ డ్రైవరు ఎక్కించుకున్నాడన్నారు." ఇలా అంటే విన్నామనీ తెలుస్తుంది, విని మనసులో పెట్టుకున్నామనీ తెలుస్తుంది. ఆయన ఆ కథను అక్కడితో ముగించవచ్చు, లేదా ఇంకో మెట్టు ముందుకు పోవచ్చు. ఏది చేసినా అవమానం లేకుండా చేస్తారు. ఈ పని కథ మొదట్లోనే చేయాలి. సగం చెప్పాక ఆపితే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది.

అయితే ఇన్నేళ్ళ జీవితంలో ఆ ఒక్క కథే ఎందుకు వస్తుంది? నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ప్రశ్న ఇదే. దీనికి సగం జవాబు జ్ఞాపకాల అమరికలోనే ఉంది. వయసు మళ్ళినవాళ్ళను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, సుమారు పది నుంచి ముప్పై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి మిగతా కాలం కన్నా ఎక్కువగా వస్తాయి. ఎన్నోసార్లు పరీక్షించి ధ్రువపరిచిన సంగతి ఇది. మొదటి ఉద్యోగం, మొదటి ఓటమి, పెళ్ళి, ఇల్లు విడిచి రావడం లాంటివన్నీ ఆ ఇరవై ఏళ్ళలోనే జరుగుతాయి. మనిషి తానెవరో తేల్చుకునే కాలం అది. చెప్పిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం మరింత బలపడుతుంది. అలా కథ గట్టిపడుతూ పోతుంది, దాన్ని ఎవరికి చెప్పామన్న గుర్తు సన్నబడుతూ పోతుంది.

మిగతా సగం జవాబు రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1963లో రాసిన వ్యాసంలో ఉంది. అప్పటిదాకా వృద్ధులు గతాన్ని తవ్వుకోవడాన్ని బుద్ధి మందగించిన గుర్తుగానో, వర్తమానం నుంచి పారిపోవడంగానో చూసేవారు. బట్లర్ కాదన్నారు. జీవితం చివరి అంకంలో మనిషి తాను బతికిన బతుకును ఒకసారి లెక్క చూసుకుంటాడు, తేలని తగాదాలను మళ్ళీ ముందేసుకుంటాడు, ఇది సహజమైన పని, అవసరమైన పని అన్నారు. వృద్ధుల పట్ల చిన్నచూపు కూడా ఒక వివక్షేనని 1969లో దానికి పేరు పెట్టిందీ ఆయనే. తర్వాత అమెరికాలో వృద్ధాప్యంపై పరిశోధన చేసే జాతీయ సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు.

ఈ కోణంలో చూస్తే, మళ్ళీ మళ్ళీ వచ్చే కథలో వెతకాల్సింది ఆయన ఏనాడూ వదిలిపెట్టని వాక్యాన్ని. మిగతా వివరాలు ఒకసారి పెరుగుతాయి, ఒకసారి తగ్గుతాయి. ఆ వాక్యం మాత్రం మారదు, అక్కడ గొంతు మారుతుంది. తనకు రావాల్సిన ప్రమోషన్ ఇంకొకరికి ఇచ్చిన కథను ఒక మామయ్య చెబుతూనే ఉంటాడనుకోండి. విన్నవాళ్ళంతా "అప్పట్లో అంతేలెండి" అంటారు. ఓదార్పుగానే అంటారు, కానీ ఆ మాట కథ మీద మూత పెడుతుంది. ఆయనకు కావలసింది అది అన్యాయమని ఒక్కరైనా ఒప్పుకోవడం కావచ్చు. ఆ అన్యాయాన్ని మింగి ఇంటిని నడిపినందుకు ఒక్కరైనా గుర్తించడం కావచ్చు. "ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకున్నారు మామయ్యా?" అని అడిగి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే దారిలో నడిచిన కథ పక్కకు తిరగవచ్చు, అత్తయ్య ఆ రాత్రి ఏమందో మొదటిసారి బయటికి రావచ్చు. దీంతో కథ మళ్ళీ రాదని నేను చెప్పను. వస్తుంది, కాకపోతే అచ్చంగా అలాగే రాదు.

"తర్వాత ఏమైంది?" అన్న ప్రశ్న ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే తర్వాత ఏమైందో ఇద్దరికీ తెలుసు. ప్రశ్న పక్క నుంచి రావాలి. ఆ ఇంట్లో మీ గది ఎటువైపు ఉండేది? ఆ స్నేహితుడు చివరికి ఏమయ్యాడు? మీ అమ్మగారికి ఈ సంగతి తెలుసా? ఇలాంటివి అలవాటైన వరసలో లేని జ్ఞాపకాలను కదుపుతాయి. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, తేదీ వేసి దాచండి, మనవల చేత కాగితం మీద రాయించండి. నా కథ ఎక్కడో భద్రంగా ఉంది, నాతో పోదు అన్న నమ్మకం కలిగితే కొందరిలో పదేపదే చెప్పాలన్న ఆత్రం నెమ్మదిస్తుంది.

వినే పద్ధతికి కూడా ఇందులో వాటా ఉంది, మనం సాధారణంగా పట్టించుకోని వాటా. 1998లో మోనీషా పసుపతి, ఆమె సహచరులు ఒక పరిశోధన చేశారు. శ్రద్ధగా వినేవాళ్ళకు చెప్పినప్పుడు, ధ్యాస వేరేచోట ఉన్నవాళ్ళకు చెప్పినప్పుడు చెప్పేవాళ్ళలో ఏం తేడా వస్తుందో చూశారు. ధ్యాస లేనివాళ్ళకు చెప్పినప్పుడు కథ కుంచించుకుపోయింది. కొన్నాళ్ళ తర్వాత ఆ సంగతి చెప్పినవాళ్ళకే తక్కువగా గుర్తుంది. వినేవాడి శ్రద్ధ చెప్పేవాడి జ్ఞాపకాన్ని కూడా మలుస్తుందన్నమాట. ఫోన్ చూస్తూ ఊ కొట్టడం వల్ల సమయం కలిసొస్తుందని మనం అనుకుంటాం. అది తప్పుడు లెక్క అని నా గట్టి అభిప్రాయం. సగం చెవితో గంటసేపు విన్న కథ మళ్ళీ వస్తుంది, ఎందుకంటే అది ఎవరికీ చేరలేదు. ఫోన్ పక్కన పెట్టి, కళ్ళలోకి చూస్తూ పది నిమిషాలు వినండి. తర్వాత "నాకు పనుంది నాన్నా, మిగతాది రాత్రి" అని లేవండి. ఇద్దరికీ అదే మేలు.

పెద్దవాళ్ళు ఒక విషయం చెబుతూ నాలుగు విషయాల్లోకి పోతారన్నది ఇంకో ఫిర్యాదు. అనవసరమైన ఆలోచనలను పక్కకు నెట్టే శక్తి వయసుతో తగ్గడమే దీనికి కారణమన్న వాదన 1988లో హేషర్, రోజ్ జాక్స్ ముందుకు తెచ్చారు. ఆ వాదన ఇప్పటికీ బలంగానే ఉంది. కానీ పదేళ్ళకు లోరీ జేమ్స్, డెబోరా బర్క్ బృందం అందులో ఒక చిక్కు చూపించింది. బొమ్మను చూపించి వర్ణించమంటే పెద్దవాళ్ళు కుర్రవాళ్ళలాగే విషయం మీద నిలబడ్డారు. సొంత జీవితం గురించి చెప్పమన్నప్పుడే దారి తప్పారు. పైగా విన్నవాళ్ళు పెద్దవాళ్ళ కథలనే మెరుగైనవిగా ఎంచారు. అంటే ఆ పక్కదారులన్నీ లోపాలు కావు. మనకు కావలసింది సమాచారం, వాళ్ళు చెబుతున్నది జీవితం. డాక్టరు అపాయింట్‌మెంట్ ఎన్ని గంటలకో తెలుసుకోవాలంటే ఆ ఒక్కటే అడగండి, జవాబు తీసుకోండి. కబుర్లకు వేరే వేళ పెట్టుకోండి.

రోజులో కొత్తది ఏమీ లేకపోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నలుగురిని కలవని మనిషికి నాలుగు కొత్త మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏంటి విశేషాలు" అని అడిగి, పాత విశేషమే వచ్చిందని విసుక్కోవడంలో అర్థం లేదు. విశేషం మీరు తీసుకెళ్ళండి. ఒక ఫొటో, ఇంట్లో ఒక చిన్న సమస్య, పిల్లవాడు అడిగిన ప్రశ్న, ఏదైనా చాలు.

చెవి సంగతి అలా కాదు, దీన్ని చాలా ఇళ్ళలో పూర్తిగా మరిచిపోతారు. అరవై దాటినవాళ్ళలో నాలుగో వంతుకు పైగా మందికి ఇబ్బందిపెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వయసుతో వచ్చే ఈ లోపం ముందుగా సన్నని, కీచు శబ్దాలను మింగేస్తుంది. అచ్చుల ధ్వని చాలావరకు వినిపిస్తుంది, స, శ, చ లాంటి హల్లులు జారిపోతాయి. దాంతో ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. "నాకు బాగానే వినిపిస్తోంది, మీరే గొణుగుతున్నారు" అని వాళ్ళు అనడానికి కారణం ఇదే. ఇలాంటి మనిషి నలుగురి మధ్య కూర్చున్నప్పుడు ఆయనకు రెండే దారులు. మౌనంగా ఉండిపోవడం, లేదా సంభాషణను తన చేతిలోకి తీసుకోవడం. తాను మాట్లాడుతున్నంతసేపూ విషయం ఏమిటో తనకు తెలుసు, ఎవరేమన్నారో పట్టుకోవాల్సిన కష్టం లేదు. అడ్డు తగిలి మరీ తన పాత కథలోకి లాక్కెళ్ళే తాతయ్యను చూస్తే, ముందు చెవులు పరీక్ష చేయించమంటాను.

చెవిలో గులిమి గడ్డకట్టినా ఇలా అవుతుంది. అది డాక్టరు దగ్గర కాసేపట్లో తీరిపోయే సమస్య. వినికిడి యంత్రం అవసరమైతే, అది మొదటి రోజే సుఖంగా ఉండదని ముందే చెప్పాలి. చెవికీ మెదడుకూ అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదటి వారంలోనే తీసి బీరువాలో పెట్టేస్తే డబ్బు, ఆశ రెండూ పోతాయి. యంత్రం ఉన్నా లేకపోయినా ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, టీవీ ఆపి, నెమ్మదిగా మాట్లాడాలి. అరిస్తే మాట స్పష్టం కాదు, కోపంగా మాత్రం వినిపిస్తుంది.

ఇక అభిప్రాయాలు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే పెద్దాయన ఏ ఇంట్లోనైనా ఉంటాడు. పిల్లల పెంపకం, కోడలి ఉద్యోగం, మనవడి జుట్టు, రాజకీయాలు, ఏదైనా సరే చివరి మాట ఆయనదే కావాలి. వయసు పెరిగేకొద్దీ మనిషి బిగుసుకుపోతాడని అందరం నమ్ముతాం. 1998లో పెన్నీ విస్సర్, జాన్ క్రాస్నిక్ ప్రచురించిన అధ్యయనంలో మాత్రం వేరే చిత్రం కనిపించింది. అభిప్రాయాలు బాగా పాతుకుని కదలకుండా ఉండేది నడివయసులో. యౌవనంలోనూ, వృద్ధాప్యంలోనూ అవి మారే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆయన ఇక మారడు అని ముందే తీర్మానించుకుని మాట్లాడటం సరికాదు.

వయసుతో నిజంగా సడలేది అభిప్రాయాన్ని లోపలే ఆపుకునే శక్తి. 2005లో విలియం ఫాన్ హిప్పెల్, సాలీ డన్‌లాప్ చేసిన పరిశోధనలో, నలుగురిలో అడగకూడని వ్యక్తిగత విషయాలను పెద్దవాళ్ళు కుర్రవాళ్ళ కన్నా ఎక్కువగా అడుగుతారని తేలింది. అలా అడగడం మర్యాద కాదన్న సంగతి మాత్రం వాళ్ళకూ కుర్రవాళ్ళంత బాగానే తెలుసు. తెలుసు, కానీ ఆ క్షణంలో మాట ఆగదు. ఈ ఆపుకునే శక్తి రోజంతా ఒకేలా ఉండదు. వయసు మళ్ళినవాళ్ళలో చాలామందికి అది ఉదయంపూట మెరుగ్గా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. ఇల్లు అమ్మడం, ఆపరేషన్, డబ్బు లాంటి బరువైన విషయాలను రాత్రి భోజనాల దగ్గర ఎత్తకండి. ఉదయం, ఇద్దరే ఉన్నప్పుడు ఎత్తండి. ఇంత చిన్న మార్పుతో తప్పిపోయే గొడవలు చాలా ఉంటాయి.

దీని వెనక పరిశోధనలు కొలవలేని సంగతి కూడా ఒకటి ఉందని నాకనిపిస్తుంది. నలభై ఏళ్ళు ఇంట్లోనో ఆఫీసులోనో నిర్ణయాలు తీసుకున్న మనిషిని, ఒకానొక రోజు నుంచి ఎవరూ ఏదీ అడగరు. అడగనప్పుడు తానే చెప్పడం మొదలుపెడతారు. వినకపోతే గొంతు పెంచుతారు. ఆ అభిప్రాయం ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలన్న దాని గురించే కావచ్చు, దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం ఈ ఇంట్లో నా మాటకు చోటుందా అన్నది. దానికి మందు నిజంగా ఏదైనా అడగడం. జవాబు వచ్చాక పక్కన పడేసే ఉత్తుత్తి ప్రశ్న అడగకండి, పెద్దవాళ్ళు దాన్ని వెంటనే పసిగడతారు. మీరు వాళ్ళ మాట ప్రకారం నడుచుకోవడానికి సిద్ధంగా ఉన్న విషయం ఒకటి ఎంచుకోండి, దాన్ని వాళ్ళకు వదిలేయండి.

తప్పుడు సమాచారంతో వచ్చే వాదన ఇంకో రకం. ఎక్కడో విన్న చిట్కా వైద్యం, ఎవరో పంపిన వీడియో, దాని మీద అరగంట ఉపన్యాసం. ఒక మాటను పదేపదే వింటే అది నిజమనిపించడం మనుషులందరికీ ఉన్న బలహీనత. దీన్ని 1977లో ప్రయోగంలో చూపించిన బృందంలో పైన చెప్పిన లిన్ హేషరే ఉన్నారు. 2005లో ఇయాన్ స్కర్నిక్ బృందం పెద్దవాళ్ళ విషయంలో ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. "ఈ మాట అబద్ధం" అని పెద్దవాళ్ళకు ఒకసారి కాక మూడుసార్లు చెబితే, మూడు రోజుల తర్వాత దాన్ని నిజమని పొరబడటం పెరిగింది. మాట పరిచయమైనదిగా మిగిలింది, అబద్ధం అన్న గుర్తు రాలిపోయింది. ఎంత గట్టిగా ఖండిస్తే అంత మంచిదని మనం అనుకునేది తప్పని దీని అర్థం. అబద్ధాన్ని మన నోటితో మళ్ళీ మళ్ళీ పలకకుండా, నిజాన్ని మాత్రం పొట్టిగా చెప్పాలి. "షుగర్ మాత్ర రోజూ వేసుకోవాలి, డాక్టరుగారు అదే చెప్పారు" అంటే చాలు. ఆ వీడియో ఎందుకు తప్పో పాయింటు పాయింటుగా వివరించే పని పెట్టుకోకండి. అందరి ముందు అసలే వద్దు.

ఏ అభిప్రాయంతో తలపడాలో, దేన్ని వదిలేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. నా కొలబద్ద ఒకటే: ఆ అభిప్రాయం వల్ల ఎవరికైనా హాని జరుగుతుందా? ఏ నాయకుడు గొప్పవాడన్న దాని మీద నాన్నతో గెలిచి మీరు సాధించేది లేదు. మందులు మానేస్తానంటే, ఎవరికో డబ్బు పంపుతానంటే, అప్పుడు కూర్చుని మాట్లాడాలి, అవసరమైతే ఆయన నమ్మే మనిషి చేత చెప్పించాలి.

గాయపరిచే మాటలు కూడా హాని లెక్కలోకే వస్తాయి. పిల్ల రంగు గురించి, బరువు గురించి, పెళ్ళి కాకపోవడం గురించి పిల్ల ముందే అనేవాళ్ళున్నారు. "పెద్దవాళ్ళు కదా, పట్టించుకోకు" అని దెబ్బ తిన్నవాళ్ళకే బుద్ధి చెప్పడం అన్యాయం. అక్కడ ఒక చిన్న వాక్యం తయారుగా పెట్టుకోవాలి. "అత్తయ్యా, పాప బరువు గురించి పాప ముందు అనొద్దు. బొమ్మలు వేస్తోంది, చూపించమనండి, చూపిస్తుంది." కోపం లేకుండా, ప్రతిసారీ ఇదే వాక్యం చెప్పాలి. ఇందులో వాదనకు తావుండదు, అత్తయ్యకు మాట్లాడటానికి ఇంకో విషయం కూడా అందుతుంది. అప్పటికీ ఆగకపోతే పాపను తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోండి. ఈ మాట ఆ అత్తగారి కొడుకో కూతురో అంటే ఇంకా మంచిది. కోడలి మీదో అల్లుడి మీదో ఆ పని వదిలేయకూడదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా మామూలు వృద్ధాప్యం. జబ్బు వేరు, ఆ తేడాను తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. రెండు వారాలకోసారి అదే కథ రావడానికీ, పది నిమిషాల్లో అదే ప్రశ్న మూడోసారి రావడానికీ చాలా దూరం ఉంది. మొదటి రకంలో "అదేగా" అని గుర్తుచేస్తే "అవునవును" అంటారు. రెండో రకంలో గుర్తుచేసినా ఆనవాలు ఉండదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో, కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం చాలా ముందుగానే దెబ్బతింటుంది. అందుకే యాభై ఏళ్ళ కిందటిది పొల్లుపోకుండా చెప్పే మనిషి, ఇందాక విన్న జవాబును నిలుపుకోలేరు. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్కల్లో తికమక పడటం, ఏళ్ళుగా చేసిన పని వరస మరిచిపోవడం, మాటల కోసం తడుముకోవడం వీటితో కలిస్తే ఆలస్యం చేయకూడదు. 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్‌దే.

ఎప్పుడూ మృదువుగా ఉండే మనిషి ఒక్కసారిగా మొరటుగా మాట్లాడుతున్నా, ఎదుటివాళ్ళ బాధ పట్టకుండా పోయినా, ఒకే వాక్యాన్ని పట్టుకుని తిప్పుతున్నా దాన్ని అభిప్రాయాల మొండితనమనుకోకండి. మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే డిమెన్షియా తరచుగా ఇలాగే మొదలవుతుంది, చాలామందిలో 45 నుంచి 65 ఏళ్ళ మధ్యే. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడుతుంటే అది అత్యవసర పరిస్థితి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మందు లాంటివి ఏవైనా కారణం కావచ్చు. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పాత కథలు పశ్చాత్తాపంగా, నిద్ర పట్టని ఏడుపుగా మారితే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు వారం రోజులు రాసుకోండి. ఏ ప్రశ్న, ఎంత వ్యవధిలో, ఏ వేళ, గుర్తుచేస్తే ఏమన్నారు, ఇవన్నీ ఉండాలి. "మరిచిపోతున్నారండీ" అన్న మాట కన్నా ఆ కాగితం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

జబ్బని తేలాక "ఇప్పుడేగా చెప్పాను" అన్న మాటను పూర్తిగా మానేయాలి. 2014లో అయోవా విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ ఉన్నవాళ్ళకు విషాదం, సంతోషం కలిగించే సినిమా దృశ్యాలు చూపించారు. చూసిందేమిటో కాసేపటికే మరిచిపోయారు, కానీ ఆ దిగులు, ఆ సంతోషం వాళ్ళలో మిగిలే ఉన్నాయి. మనం కసురుకున్న సంగతి అమ్మ మరిచిపోతుంది, ఎందుకో తెలియని బాధ మాత్రం ఆమెలో ఉండిపోతుంది. ప్రశ్నకు కాక, ప్రశ్న వెనకున్న ఆందోళనకు జవాబివ్వండి. "ఎప్పుడు వెళ్తున్నాం?" అని నాలుగోసారి అడిగితే "నేను తీసుకెళ్తానమ్మా, అన్నీ సర్దేశాను" అనండి. వెళ్ళే వేళను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, చూపించండి. చేతికి ఏదైనా పని ఇవ్వండి, బట్టలు మడతపెట్టడమైనా సరే.

వినేవాళ్ళ అలసట నిజమైనది. రోజుకు పదిసార్లు అదే మాట విని పదకొండోసారి అరిచిన మనిషి దుర్మార్గులు కారు. గొంతు పెరుగుతోందని తెలియగానే గదిలోంచి అయిదు నిమిషాలు బయటికి వెళ్ళడం పారిపోవడం కాదు. తర్వాత వచ్చి చేయి పట్టుకుని "విసుక్కున్నానమ్మా" అంటే చాలు. చాలా కుటుంబాల్లో వినే పనంతా ఒక్కరి మీదే పడుతుంది, దాదాపుగా దగ్గరున్న కూతురో కోడలో ఆ ఒక్కరు. డబ్బు పంపే పనిని పంచుకున్నట్టే వినే పనిని కూడా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పేర్లు రాసుకుని పంచుకోవాలి. దూరంగా ఉన్న తమ్ముడు మంగళవారం, శుక్రవారం సాయంత్రం అరగంట వీడియో కాల్ చేసి, ఆ బస్సు తప్పిపోయిన కథను మొదట్నుంచి వినవచ్చు. అతనికి ఆ కథ ఇంకా అంతగా విసుగు తెప్పించలేదు. అక్కకు వారంలో ఆ రెండు సాయంత్రాలు మిగులుతాయి.